మూడు కాళ్ళ కుక్కకు ఇంట్లో సేవ: ఆపరేషన్ ముందు నుంచి మళ్ళీ పరుగు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో మా వీధి మొగలో లారీ తగిలి మా కుక్క చిట్టికి వెనక కుడికాలు నుజ్జయింది. తొడ దగ్గరికి తీసేయాల్సి వచ్చింది. అది కోలుకుని వీధిలో తిరగడం మొదలెట్టాక గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఇటు పార్వతీపురం నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చాలామంది అర్ధరాత్రి పూట, కుక్క పక్కన కూర్చుని అడుగుతారు. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. నేను డాక్టర్ని కాను. మందు ఎంత వేయాలో మీ కుక్కను చూసిన డాక్టరు గారే చెప్పాలి.

## ఆపరేషన్‌కి ముందు

కాలు తీసేయకుండా ఎలాగోలా నయం చెయ్యలేరా?

కొన్నిసార్లు చెయ్యగలరు. ఎముక విరిగితే రాడ్డు, ప్లేటు వేసి అతికిస్తారు. కానీ కండ చచ్చిపోయినా, ఎముక ముక్కలు ముక్కలై చీము పట్టినా, ఎముక కేన్సరు వచ్చినా కాలు ఉంచడమంటే నొప్పిని ఉంచడమే. ముందరి కాలు విషయంలో ఇంకో సంగతి ఉంది. బండి తగిలినప్పుడు భుజం దగ్గర నరాల గుత్తి తెగిపోతే కాలు చూడ్డానికి బాగానే ఉంటుంది, పంజా మాత్రం వెనక్కి మడిచి నేలమీద ఈడుస్తుంది. గట్టిగా గిల్లినా తెలియదు. నెలల తరబడి చూసినా కదలిక రాకపోతే, ఈడ్చిన చోటల్లా పుండు పడుతుంటే, తీసేయడమే మేలంటారు. మేం రెండు వారాలు కట్లు మారుస్తూ గడిపాం. ఆ రెండు వారాలూ చిట్టి నరకం చూసింది. ఇప్పుడైతే అంత ఆలస్యం చెయ్యను.

ముందు కాలు పోతే కష్టమా, వెనక కాలు పోతే కష్టమా?

ముందు కాలు పోతే కాస్త ఎక్కువ కష్టం. కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే మోస్తుంది. తల, మెడ, ఛాతీ అన్నీ అటే కదా. అందుకని ముందు కాలు పోయిన కుక్క మొదట్లో ముక్కు నేలకు కొట్టుకునేలా తూలుతుంది. వెనక కాలు పోయినది తొందరగా కుదురుకుంటుంది, కాకపోతే మెట్లెక్కడం, గెంతడం దానికి బరువు. రెండింటిలో ఏదైనా ఎక్కువ కుక్కలు రెండు నుంచి నాలుగు వారాల్లో నడక పట్టేస్తాయి.

మా కుక్క ముసలిది, పైగా లావు. తట్టుకుంటుందా?

వయసు ఒక్కటే అడ్డు కాదు. మిగిలిన మూడు కాళ్ళూ ఎలా ఉన్నాయన్నది చూడాలి. తుంటి కీలు అరిగిపోయిందా, ఇంకో మోకాలు కుంటుతోందా అని ఎక్స్‌రే తీసి చూడమని డాక్టరుని అడగండి. రక్తపరీక్ష తప్పనిసరి. మన ప్రాంతంలో పిడుదుల జ్వరం ఎక్కువ. అది ఉన్న కుక్కకు రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగకపోవచ్చు. పైకి హుషారుగా కనిపించినా పరీక్ష చేయించాలి. లావు సంగతికి వస్తే, ఆపరేషన్ అత్యవసరం కాకపోతే ఇవాళ్టి నుంచే తిండి తగ్గించండి.

రాయగడ వైపు వాళ్ళం ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ఊళ్ళో ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో ముందు చూపించండి. కట్టు, సెలైన్, నొప్పికి ఇంజెక్షను అక్కడే దొరుకుతాయి, అవి పడ్డాక ప్రయాణం సుఖంగా ఉంటుంది. పెద్ద ఆపరేషన్‌కి ఆంధ్ర వైపు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విశాఖలో ప్రైవేటు క్లినిక్‌లు ఉన్నాయి. ఒడిశా వైపు భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాల ఉంది. బయల్దేరేముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: మత్తు ఇచ్చి చేసే ఏర్పాటు ఉందా, రాత్రి ఉంచుకుంటారా, ఉంచుకుంటే రాత్రి పూట మనిషి ఉంటారా. మూడోది అడగడానికి మొహమాటపడొద్దు. ఒకచోట మేం అడగలేదు. పొద్దున్న వెళ్ళేసరికి చిట్టి తడిసిన గోనె మీద ఒంటరిగా వణుకుతోంది.

ఇంట్లో ముందే ఏం సర్ది పెట్టుకోవాలి?

పడక కంటే ముందు నేల చూసుకోండి. ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ నున్నటి టైల్సే, మూడు కాళ్ళ కుక్కకు అది నూనె పోసిన పళ్ళెం. పడక దగ్గర్నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి వీధి గుమ్మం దాకా ఒక బాట వెయ్యండి. మడతపడని రబ్బరు మ్యాట్లు మంచివి. లేకపోతే ఉతికిన గోనె సంచుల అంచులు కలిపి కుట్టి, కింద నుంచి టేపుతో నేలకు అతికించండి. ఊరికే పరిచిన దుప్పటి వద్దు, కుక్కతో పాటు అదీ జారుతుంది. పడక నేలమీదే, రెండు మూడు వరసల దుప్పట్లతో. ఇంకా ఒక పాత లుంగీ, ఒక దోమతెర, ఒక థర్మామీటరు పెట్టుకుంటే చాలు.

## ఇంటికి తెచ్చిన రోజు, మొదటి మూడు రాత్రులు

ఆసుపత్రి నుంచి రైల్లో తీసుకురావచ్చా?

ఫస్టు క్లాసులో కూపే మొత్తం మన పేరున ఉంటేనే కుక్కను పక్కన ఉంచుకోనిస్తారు. లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో డబ్బాలో పెడతారు. కుట్లతో ఉన్న కుక్కను ఆ డబ్బాలో పంపొద్దు. కారే మాట్లాడుకోండి. వెనక సీటు కింద ఖాళీని సంచులతో నింపి, పైన పరుపు వేసి, కుట్లున్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. పార్వతీపురం దాటాక కూనేరు మీదుగా వచ్చే రోడ్డులో డ్రైవరుకి ముందే చెప్పండి, నెమ్మదిగా పోనివ్వమని. ప్రయాణంలో తిండి పెట్టొద్దు, గొంతు తడిసేటన్ని నీళ్ళు చాలు.

రాత్రంతా మూలుగుతోంది. నొప్పా, భయమా?

మొదటి రాత్రి మత్తు దిగుతూ కూడా అలా ఏడుస్తాయి. కళ్ళు తెరిచే ఉంటాయి, మనల్ని గుర్తుపట్టనట్టు చూస్తాయి. దగ్గర కూర్చుని పేరు పెట్టి పిలిస్తే కాస్త ఊరుకుంటే అది ఎక్కువగా మత్తు, భయం. నొప్పి వేరేలా ఉంటుంది. పడుకోలేక కూర్చుంటుంది, కూర్చోలేక లేస్తుంది, చల్లటి గదిలోనూ నాలిక చాపి రొప్పుతుంది, వణుకుతుంది, కుట్ల వైపు పదే పదే తిరిగి చూస్తుంది. అలా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మోతాదు మార్చొచ్చు, రెండో మందు కలపొచ్చు. ఓర్చుకోవాలి తప్పదు అని ఎవరన్నా అంటే వినొద్దు. నొప్పి తగ్గితేనే అది తింటుంది, నడుస్తుంది, పుండు మానుతుంది.

ఇంట్లో డోలో ఉంది. సగం మాత్ర వేయనా?

వద్దు. మనుషుల నొప్పి మాత్రలు ఏవీ సొంతంగా వేయొద్దు. ఐబుప్రొఫెన్ ఉన్నవి కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్ కూడా అంతే. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ని రాబందుల చావుల వల్ల మన దేశంలో 2006లోనే ఆపేశారు, అయినా మందుల షాపులో మనుషులది అడిగి కుక్కకు పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. డోలోలో ఉండే పారాసిటమాల్ మోతాదు తప్పితే కాలేయం దెబ్బతింటుంది. కుక్కలకు మామూలుగా మెలాక్సికామ్ వంటివి రాస్తారు, అది కూడా బరువును బట్టి, రోజుకోసారి, తిండి పెట్టాకే. ఆ మందు నడుస్తుండగా వాంతులైనా, మలం నల్లగా తారులా వచ్చినా మందు ఆపి ఫోన్ చెయ్యండి. స్టెరాయిడ్ ఇంజెక్షను ఏదైనా ఈ మధ్య పడి ఉంటే ముందే చెప్పాలి, రెండూ కలవకూడదు.

మందుల చీటీ నాకు అర్థం కాలేదు. ఏం చెయ్యను?

మా ఇంట్లోనూ ఇదే. డాక్టరు గారు కవరు మీద ఒడియాలో రాసిచ్చారు. నాకు మాట వచ్చు, లిపి అంతంత మాత్రం. మా అమ్మకు రెండూ రావు. సకాళే అంటే పొద్దున్న, రాతిరే అంటే రాత్రి అని కౌంటరు దగ్గరే చదివించుకుని, ఇంటికొచ్చి గోడ క్యాలెండరు మీద తెలుగులో రాశాను. మందు వేసిన ప్రతిసారీ ఆ తేదీ గడిలో ఒక టిక్కు. ఇద్దరు మనుషులు చూసుకునే ఇంట్లో ఒకే మాత్ర రెండుసార్లు పడకుండా ఉండటానికి ఇంతకు మించిన ఉపాయం లేదు.

రెండు రోజులైంది, దొడ్డికి వెళ్ళలేదు. మూత్రం మాత్రం పోస్తోంది.

కంగారు పడొద్దు. ఆపరేషన్ ముందు పస్తు, తరవాత తిండి తక్కువ, పైగా నొప్పి మందుల్లో కొన్ని మలాన్ని బిగబెడతాయి. మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. కాలు లేకుండా వంగి కూర్చోవడం కూడా దానికి కొత్తే, తూలి లేచిపోతుంది. ఆ టైంలో నడుము కింద లుంగీ ఆసరా ఇవ్వండి. ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు ఒకటి రెండు చెంచాలు అన్నంలో కలపొచ్చు. ఐదో రోజుకీ రాకపోతే, లేదా ముక్కుతూ వాంతి చేసుకుంటే డాక్టరుకి చెప్పండి. మూత్రం సంగతి వేరు. ఒక రోజంతా చుక్క కూడా రాకపోతే అది ఆగే విషయం కాదు.

అన్నం ముట్టట్లేదు. పక్కింటావిడ పఖాళ పెట్టమంటోంది.

మొదటి రోజు సగం కూడా తినదు, ఫరవాలేదు. రెండో రోజు దాటినా ఏమీ ముట్టకపోతే ఫోన్ చెయ్యాలి, చాలాసార్లు నొప్పి తగ్గకపోవడమే కారణం. పఖాళ అంటే మన చద్దన్నమే కదా. ఉప్పు, ఉల్లిపాయ లేకపోతే హాని లేదు, కానీ అందులో పుండు మానే బలం లేదు. ఎముక తీసిన కోడి మాంసం, గుడ్డు, కొంచెం మెత్తటన్నం ఉడికించి గోరువెచ్చగా పెట్టండి. వెచ్చగా ఉంటే వాసన తగిలి తింటుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దే వద్దు. ముందు కాలు పోయినదైతే గిన్నెను ఛాతీ ఎత్తులో పీట మీద పెట్టండి. తల కిందికి వంచితే బరువంతా ఒంటి కాలి మీద పడి అది తిండి మానేసి కూర్చుంటుంది.

బయటికి ఎలా తీసుకెళ్ళాలి? ఎత్తుకోనా?

ఎత్తుకోవద్దు, ఆసరా ఇవ్వండి. వెనక కాలు పోయినదానికి లుంగీని పొడవుగా మడిచి పొట్ట కింద నుంచి, తొడలకు కాస్త ముందుగా, వేసి రెండు కొసలూ పైన పట్టుకోండి. దాన్ని లేపకూడదు, పడితే పట్టుకునేంత బిగువు చాలు. మగ కుక్కకైతే మూత్రం దారికి లుంగీ అడ్డం పడకుండా చూసుకోవాలి. ముందు కాలు పోయినదానికి ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, వీపు మీద పిడి ఉన్నది కావాలి. మెడపట్టా పట్టి లాగితే మెడ, ఒంటి కాలు రెండూ చెడతాయి. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, గొలుసుతోనే. మా చిట్టి రెండో రోజు పొద్దున్నే లుంగీని కూడా తోసేసి నాలుగు గెంతులు వేసింది. ఏడ్చింది మేమే.

ముట్టుకోబోతే కరిచింది. ఎప్పుడూ కరవని కుక్క.

నొప్పిలో కరుస్తుంది, దాని గుణం మారిపోలేదు. ముందు మీ గాయం చూసుకోండి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, కట్టు కట్టొద్దు, పసుపు పెట్టొద్దు, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి తేల్చుకోండి. కుక్కకు టీకా కాగితం ఉంటే తీసుకెళ్ళండి. ఇకమీదట కుట్లు చూడాల్సి వస్తే ఒకరు తల వైపు ఉండి మాట్లాడుతూ ఉండాలి, రెండోవాళ్ళు చూడాలి. పిల్లల్ని పది రోజులు దూరంగా ఉంచండి.

## కుట్లు తీసేదాకా

కుట్ల కింద మెత్తగా ఉబ్బింది. చీము పట్టిందా?

అన్ని ఉబ్బులూ చీము కావు. పెద్ద కండ తీసిన ఖాళీలో నీరు చేరి మెత్తటి సంచిలా వేలాడుతుంది. పట్టుకుంటే వేడి ఉండదు, నొప్పి ఉండదు, కుక్క మామూలుగానే తింటుంది. చాలావరకు ఒళ్ళే పీల్చుకుంటుంది. మనం సూదితో గుచ్చకూడదు, గుచ్చితే లేని చీము మనమే పట్టించినట్టు. నల్లగా, ఊదాగా కమిలిన మచ్చలు కూడా రెండో మూడో రోజుకి పొట్ట కిందికి, ఇంకో తొడ దాకా దిగుతాయి. చూస్తే గుండె జారుతుంది, కానీ అది రక్తం బరువుకి కిందికి జారడమే. చీమైతే చర్మం ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంటుంది, వాసన వస్తుంది, కుక్క డీలా పడుతుంది. రోజూ ఒకే టైంకి, ఒకే చోటు నుంచి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మన కంటికన్నా ఫొటోకి బాగా తెలుస్తుంది.

మా అమ్మ పసుపు రాయమంటోంది. మామయ్య వేపాకు నూరి కట్టమంటున్నాడు.

రెండూ వద్దని నచ్చజెప్పండి. కుట్టిన చర్మం అంచులు ఒకదానికొకటి అతుక్కోవాలి. మధ్యలో పొడి, పసరు దూరితే అతుక్కోవు. డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కొత్తగా పుట్టే కండను కాలుస్తాయి. ఫినాయిల్, కిరసనాయిలు పోసేవాళ్ళను చూశాను కాబట్టి అది కూడా చెప్పాల్సి వస్తోంది, వద్దు. పొడిగా వదిలెయ్యడమే చాలావరకు కావలసిన వైద్యం. మొదటి రెండు మూడు రోజులు మంచుముక్కలు పొడి గుడ్డలో చుట్టి, పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు పక్కన ఆనిస్తే వాపు, నొప్పి తగ్గుతాయి. అమ్మ ఏదో ఒకటి చెయ్యాలని తపిస్తుంటే ఆ పని ఆవిడకి అప్పగించండి. మా ఇంట్లో అలాగే సర్దుకుంది.

ఈగలు ముసురుతున్నాయి. పురుగు పడుతుందేమో.

భయపడాల్సిందే, ముఖ్యంగా వానాకాలంలో. ఈగ గుడ్లు పెట్టిన ఒకరోజులోనే పురుగు కనపడొచ్చు. కుక్క పడక మీద దోమతెర కట్టండి, పడక గుడ్డలు రోజూ మార్చండి, మూత్రం తడి ఉంచొద్దు. పగలు ఇంట్లోనే ఉంచి ఫ్యాను వేస్తే ఈగ వాలదు. మా వైపు కరెంటు పోతే విసనకర్రే దిక్కు. తెల్లటి సన్నటి గుడ్లు, పురుగులు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి.

కుట్లు పీక్కోకుండా మెడకు గరాటులా తొడిగే కోన్ పెడితే గోడలకు గుద్దుకుంటోంది. పాపం, తీసెయ్యనా?

పాపం అనుకునే నేను ఒక అరగంట తీశాను. ఆ అరగంటలో రెండు కుట్లు పీకేసుకుంది. మళ్ళీ మత్తు, మళ్ళీ సూది. 10 నుంచి 14 రోజులకు కుట్లు తీసేదాకా కోన్ ఉండాల్సిందే, మనం కళ్ళెదుటే కూర్చుని తినిపించేటప్పుడు తప్ప. ఊళ్ళో కోన్ దొరకకపోతే పాత ఎక్స్‌రే ఫిల్ములు రెండు గుండ్రంగా చుట్టి, మెడ దగ్గర అంచుకు గుడ్డ కుట్టి వాడొచ్చు, చివర ముక్కు దాటి నాలుగు వేళ్ళు బయటికి ఉండాలి. ముందు కాలు కుట్లకైతే చంటిపిల్లల బనియను కూడా తొడగొచ్చు. అది కోన్‌తో పాటే, దాని బదులు కాదు.

ఏం కనిపిస్తే పరిగెత్తాలి?

చిగుళ్ళు తెల్లగా పాలిపోతే. కుట్ల నుంచి రక్తం బొట్లు బొట్లుగా ఆగకుండా కారితే. కుట్టు విడిపోయి లోపలి కండ కనిపిస్తే. ఒంటి వేడి 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి తగ్గకపోతే. కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలే, మన ఒంటితో పోల్చి జ్వరమనుకోకండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు కూడా నిమిషానికి 40కి పైగా ఊపిరి తీస్తుంటే. లేపినా లేవకపోతే.

హుషారుగా ఉంది కదా, ఆంటీబయాటిక్ ఆపెయ్యొచ్చా?

రాసినన్ని రోజులూ వెయ్యండి.

## మళ్ళీ నడక

ఇంట్లో జారిపడుతోంది, వీధిలో బాగానే నడుస్తోంది. ఎందుకు?

మట్టి రోడ్డు మీద గోరు పడుతుంది, టైల్స్ మీద పడదు. ఒక్కసారి గట్టిగా పడితే అది గది దాటడమే మానేస్తుంది. మనం కాలు లేక నడవలేకపోతోంది అనుకుంటాం. నిజానికి దానికి భయం నేలంటేనే. కాలివేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్ళు పొట్టిగా ఉంచండి, నడిచే బాటంతా పట్టుండే మ్యాట్లు వెయ్యండి. పర్లాకిమిడిలో ఒకాయన కుక్క రెండు వారాలు మూల నుంచి కదల్లేదు. ఆయన డాక్టరుని మార్చాలా అని అడిగాడు. ముందు నేల మార్చమన్నాను. గోనెపట్టాలు పరిచిన సాయంత్రం గుమ్మం దాకా వచ్చి కూర్చుందట.

ఎంత దూరం నడిపించాలి? ఎక్కువ నడిస్తే కాళ్ళకు బలమని మా బావ అంటాడు.

మీ బావ గారి లెక్క మనుషులకు. మూడు కాళ్ళ మీద ప్రతి అడుగూ గెంతే, అందుకే తొందరగా అలిసిపోతుంది. కుట్లు తీసేదాకా మూత్రానికి, దొడ్డికి, అంతే. తరవాత పొద్దున్న, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. మధ్యలో కూర్చుంటే దాన్ని కూర్చోనివ్వండి. మర్నాడు లేవడానికి బద్ధకిస్తే నిన్న ఎక్కువైనట్టు.

ఇంట్లో చేయించే వ్యాయామం ఏమైనా ఉందా?

ఉంది, చాలా చిన్నది. గుడ్డు ముక్క చేత్తో పట్టుకుని, నిలబడ్డ కుక్క ముక్కు దగ్గర నుంచి నెమ్మదిగా భుజం వైపు, నడుము వైపు జరపండి. అది అడుగు వెయ్యకుండా మెడ తిప్పి అందుకోవాలి. అలా రెండు వైపులా మూడేసి సార్లు. ఒంటి కాలు మీద బరువు ఆపడం అలా నేర్చుకుంటుంది. కుట్లు తీశాక మిగిలిన కాళ్ళను, వీపును రాత్రిపూట నెమ్మదిగా ఒత్తండి. ఒంటి కాలుకి రోజంతా రెండు కాళ్ళ పని.

నిద్రలో ఉన్నట్టుండి కుయ్యిమని అరిచి, లేని కాలు వైపు చూస్తోంది.

తెగిన నరాలు ఇంకా కాలు ఉన్నట్టే కబురు పంపుతాయి. మనుషుల్లో ఇది బాగా తెలిసిన విషయం, కుక్కల్లోనూ అలాంటి తీరే కనిపిస్తుంది. కాలు తీసిన చోట కండ అదురుతుంది, హఠాత్తుగా అరుస్తుంది, ఆ చోటు నాకుతుంది. కొన్ని వారాల్లో తగ్గిపోవచ్చు. దీనికి గాబాపెంటిన్ వంటి నరాల మందు డాక్టరు రాస్తారు. మనుషుల సిరప్ రూపంలో మాత్రం కొనొద్దు, కొన్నింటిలో తీపికి కలిపే జైలిటాల్ కుక్కకు విషం. మొదలెట్టాక ఒక్కసారిగా ఆపకూడదు. చెప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీసి చూపించండి, డాక్టరు ముందు అది ఎప్పుడూ అరవదు.

మాది వీధి అరుగు ఎత్తు. మెట్లు దిగనివ్వొచ్చా?

నెల దాకా వద్దు. దిగడం ఎక్కడం కంటే ప్రమాదం, ముందు కాలు లేని కుక్కకు మరీను. చెక్క పలకను వాలుగా ఆనించి పైన గోనె కొట్టేస్తే సరి.

స్నానం?

కుట్లు తీసి, ఆ రంధ్రాలు పూడ్చుకున్నాక. ఈలోగా తడిగుడ్డతో కాళ్ళు, మూతి తుడవండి.

## నెల దాటాక

దానిమీద జాలేసి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బిస్కెట్టు పెడుతున్నారు.

మిగిలిన కాళ్ళకు ఆ జాలి బరువే. నాలుగు కాళ్ళు మోసే బరువును మూడు మోస్తున్నాయి, ఒక్క కిలో పెరిగినా కీళ్ళకు తెలుస్తుంది. చేత్తో పక్కటెముకలు తడిమితే ఒత్తకుండానే తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనపడాలి. వచ్చినవాళ్ళ చేతికి మీరే కీరదోస ముక్కో, ఉడికిన క్యారెట్టు ముక్కో ఇవ్వండి. మా చిట్టికి మొదటి నెలలోనే పొట్ట వచ్చింది. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళొచ్చిన చుట్టాలందరూ ప్రసాదం దానికే పెట్టారు మరి.

కృత్రిమ కాలు పెట్టించొచ్చా? బండి చక్రాలు?

కృత్రిమ కాలు తగిలించడానికి కింద కొంత మొండి మిగలాలి. మామూలుగా భుజం ఎముకతో సహా, లేదా తొడ పైభాగం దాకా తీసేస్తారు కాబట్టి పట్టు దొరకదు. చక్రాల బండి ఇంకో కాలు కూడా బలహీనమైన కుక్కలకు. ఒక కాలే పోయి మిగతావి బాగుంటే రెండూ అక్కర్లేదు.

ఇది వీధికుక్క. బాగయింది కదా, మళ్ళీ వీధిలో వదిలెయ్యనా?

నా మాట కటువుగా ఉంటుంది. వీలైతే వద్దు. మూడు కాళ్ళతో అది ఊళ్ళో బతకగలదు, హైవే మీద లారీ కన్నా ముందు పరిగెత్తలేదు. కుక్కల కొట్లాటలో కింద పడితే లేవడానికి ఆలస్యమవుతుంది. తప్పక వదలాల్సి వస్తే దాని సొంత వీధిలోనే వదలండి, రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే, రోజూ తిండి పెట్టే ఒక ఇల్లు మాట్లాడాకే. లోపలి సందుల్లో మెదిలే కుక్కకు, రోడ్డు పక్క టీకొట్టు కుక్కకు చాలా తేడా.

వేసవిలో ఏం జాగ్రత్త?

గెంతుతూ నడిచే కుక్కకు ఒళ్ళు తొందరగా వేడెక్కుతుంది. చైత్రం నుంచి వానలు పడేదాకా పొద్దున్న ఏడు లోపల, సాయంత్రం చీకటి పడ్డాకే బయటికి. సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు క్షణాలు ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. దానికి ఒక కాలు ఎత్తి సేదదీరే వీలు కూడా లేదు.

ఎముక కేన్సరు వల్ల తీయించాం. ఎన్నాళ్ళు బతుకుతుంది?

పెద్ద జాతి కుక్కల్లో ఎక్కువగా వచ్చే ఎముక కేన్సరుకి కాలు తీయడం ముఖ్యంగా నొప్పి తీయడానికే. అప్పటికే కంటికి కనపడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. ఒక్క ఆపరేషన్‌తో సగం కుక్కలు సుమారు నాలుగైదు నెలలు, కీమో కూడా ఇప్పిస్తే దాదాపు ఏడాది బతుకుతాయి. కీమోకి మన వైపు నుంచి పెద్ద నగరం దాకా తిరగాలి, ఖర్చు, ప్రయాణం, దాని అలసట అన్నీ లెక్కలోకి తీసుకోండి. కీమో వద్దనుకుని ఆ నాలుగు నెలలు నొప్పి లేకుండా ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు తప్పు చేసినట్టు కాదు.

వీధిలో పిల్లలు తినిగోడియా అని పిలుస్తున్నారు. బాధేస్తోంది.

మూడుకాళ్ళదీ అని ఒడియాలో. మాకూ మొదట కోపం వచ్చింది. ఇప్పుడు ఆ పిలుపుకే చిట్టి ఎక్కువ తోక ఊపుతుంది, ఎందుకంటే ఆ పిల్లల దగ్గర గుడ్డు దొరుకుతుంది.

అంతా బాగుంది. ఇంకా ఏమైనా మరిచిపోతున్నామా?

చెవి. వెనక కాలు పోయినదైతే ఆ వైపు చెవిని అది గోక్కోలేదు. కుక్క కుడిచెవిని కుడి వెనక్కాలితోనే గోక్కుంటుంది. అందుకని ఆ వైపు చెవిలో, మెడ కింద పిడుదులు దాక్కుంటాయి, గుబిలి పేరుకుంటుంది, వాసన వచ్చేదాకా మనకు తెలియదు. వారానికి రెండుసార్లు ఆ చెవి తిప్పి చూడండి. రోజూ కాసేపు మీరే గోకండి. మా చిట్టి రాత్రి పడుకోబోయే ముందు వచ్చి కుడిచెవి నా మోకాలికి ఆనిస్తుంది. నేను గోకుతుంటే కుట్ల మచ్చ కింద, లేని కాలుకి మిగిలిన ఆ కొంచెం కండ టకటకా ఆడుతుంది.